గొంతు నొప్పి తగ్గాక మెడ పట్టేస్తే: లెమియర్ సిండ్రోమ్ అపోహలు - వాస్తవాలు

అపోహ: గొంతు నొప్పి తగ్గిందంటే గండం గడిచినట్టే. తర్వాత మెడ నొప్పి వస్తే అది తలగడ సరిగ్గా లేక పట్టేసినదే.

వాస్తవం: ప్రాణం మీదికి తెచ్చేది ఈ నమ్మకమే. గొంతులోని ఇన్ఫెక్షన్ మెడ సిరలోకి పాకే అరుదైన జబ్బు లెమియర్ సిండ్రోమ్. ఇది ముదిరే సమయానికి గొంతు చాలామందికి మామూలుగానే కనిపిస్తుంది. ‘ఆ’ అనిపించి టార్చి వేసి చూసి, ఏమీ లేదని పంపేస్తారు.

లోపల జరిగేది వేరు. ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం అనే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ పడదు. అది టాన్సిల్ నుంచి చుట్టూ ఉన్న చిన్న సిరల్లోకి, గొంతు పక్క కణజాలంలోకి దిగి, మెడలోని పెద్ద సిరను, అంటే ఇంటర్నల్ జుగులర్‌ను చేరుతుంది. అక్కడ సిర గోడ వాచి, లోపల రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ నిండా బ్యాక్టీరియానే. దాని ముక్కలు విరిగి గుండె కుడివైపు గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, రెండు వైపులా చిన్న చిన్న చీము గూళ్లు కడతాయి. కీళ్లకు, కాలేయానికి పాకడమూ ఉంది.

అందుకే రోజుల లెక్క ముఖ్యం. గొంతు నొప్పి మొదలైన నాలుగైదు రోజుల నుంచి, ఒక్కోసారి రెండు మూడు వారాల లోపు, మళ్లీ జ్వరం వస్తుంది. అదీ దుప్పటి కప్పినా ఆగని వణుకుతో. ఒకవైపు దవడ మూల నుంచి కాలర్ ఎముక వైపు దిగే కండరం వెంట నొప్పి, తాకితే సలుపు ఉంటాయి, వాపు ఉండొచ్చు. ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గు, ఆయాసం తోడైతే ఆ రోజే సీటీ స్కాన్, బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఆ మెడకు బామ్ రాసి పిసకకండి. ఎక్కువగా వచ్చేది 15 నుంచి 25 ఏళ్ల లోపు, అప్పటిదాకా ఏ జబ్బూ లేనివాళ్లకే. ‘కుర్రాడే కదా, తట్టుకుంటాడు’ అనే మాట ఇక్కడ చెల్లదు.

అపోహ: మెడికల్ షాపులో మూడు రోజుల అజిత్రోమైసిన్ వేసుకున్నాం, ఇన్ఫెక్షన్ ఉండదు.

వాస్తవం: ఈ బ్యాక్టీరియా మీద అజిత్రోమైసిన్‌ను నమ్ముకోలేం. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు అసలే పనిచేయవు. ఆసుపత్రిలో పైపరాసిలిన్-టాజోబాక్టం గానీ, సెఫ్ట్రియాక్సోన్‌తో మెట్రోనిడజోల్ కలిపి గానీ, అవసరమైతే మెరోపెనెం గానీ సిరలోకి ఎక్కిస్తారు. మొత్తం కోర్సు సాధారణంగా 3 నుంచి 6 వారాలు. జ్వరం వెంటనే దిగకపోవచ్చు, గడ్డలోకి మందు చేరడం నిదానం. దానికి భయపడి ఆసుపత్రులు మారకండి.

అపోహ: చలిజ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ. ఇది డెంగీయే.

వాస్తవం: లెమియర్‌లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కళ్లు పచ్చబడొచ్చు. వానాకాలంలో మన దగ్గర అందరి చూపూ డెంగీ, మలేరియాల మీదే ఉంటుంది. ఆ పరీక్షలు చేయించాల్సిందే. కానీ అవి నెగటివ్ వచ్చి, తెల్లకణాలు, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) బాగా పెరిగి ఉంటే, ‘పది రోజుల కిందట గొంతు నొప్పి వచ్చింది’ అని మీరే డాక్టరుకు చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ తీయాలి. ఆక్సిజన్ లేని సీసా తప్పనిసరి, పెద్దవాళ్లకు ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం. పెరుగుదల కనిపించడానికి రెండు రోజుల నుంచి వారం పట్టొచ్చు, చికిత్స అప్పటిదాకా ఆగకూడదు. మెడ అల్ట్రాసౌండ్ నార్మల్ అన్నా సరిపోదు, దవడ కింద, కాలర్ ఎముక వెనుక అది సరిగ్గా చూడలేదు. మెడకు, ఛాతీకి కాంట్రాస్ట్ సీటీ, అంటే సిరలు స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి తీసే స్కాన్ కావాలి.

అపోహ: గడ్డ ఉంది కాబట్టి రక్తం పలుచన చేసే మందు అందరికీ ఇవ్వాలి.

వాస్తవం: ఇందులో వైద్యుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. గడ్డ పెరుగుతోందా, తల లోపలికి పాకిందా చూసి రోగిని బట్టి నిర్ణయిస్తారు. ఎక్కడైనా చీము నిలిస్తే తీసేయాలి.

అపోహ: గొంతు నొప్పి వస్తే ఇదేనేమో.

వాస్తవం: కాదు, కంగారు పడకండి. డెన్మార్క్‌లో 1998-2001 మధ్య లెక్కగడితే ఏడాదికి పది లక్షల మందిలో 3.6 కేసులు, 15-24 ఏళ్ల వారిలో 14.4. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్లే వచ్చి వారంలో పోతాయి. వాటికి యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు. దవడ కింద రెండు వైపులా బిళ్లలు కట్టడం మామూలే, రోజూ తడిమి చూసుకోకండి. ఈ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ ఫ్రెంచ్ వైద్యుడు ఆంద్రే లెమియర్ 1936లో రాసిన 20 మంది రోగుల్లో 18 మంది చనిపోయారు, కానీ అది యాంటీబయాటిక్స్ రాని కాలం. ఇప్పుడు సరైన మందు వేళకు పడితే ఎక్కువమంది కోలుకుంటారు. ఇంటికి వచ్చాక ఒంట్లో బాగుందని మిగిలిన మాత్రలు ఆపేస్తే మాత్రం జబ్బు తిరగబెట్టొచ్చు.