సింధు నదిలో నీటి కంటే ముందు ఆగిపోయింది సమాచారం

పహల్గాం దాడి జరిగిన మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, పాకిస్తాన్‌తో ఉన్న సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేస్తున్నట్టు భారత్ ప్రకటించగానే టీవీల్లో, వాట్సాప్‌లో ఒకటే మాట: ఇక పాకిస్తాన్‌కి చుక్క నీరు పోదు. అమాయకుల్ని నిలబెట్టి కాల్చి చంపాక అంత కోపం రావడం సహజమే. కానీ నీళ్ల లెక్క వేరు.

సింధు, జీలం, చీనాబ్ మూడింటిలో కలిపి ఏటా సుమారు 135 మిలియన్ ఎకరపు అడుగుల నీరు పారుతుంది, అంటే మన లెక్కలో దాదాపు 5,900 టీఎంసీలు. నాగార్జునసాగర్‌ని పద్దెనిమిది సార్లు నింపినా ఇంకా మిగులుతుంది. చీనాబ్ మీద మనం కట్టిన 900 మెగావాట్ల బగ్లిహార్ డ్యామ్‌లో కరెంటు అవసరానికి ఆపి వదలగలిగింది ఒక టీఎంసీకి కాస్త పైన, అంతే. పెద్ద జలాశయాలు, కాలువలు కట్టాలంటే ఏళ్లు పడుతుంది, అదీ ఆ కొండల్లో. కాబట్టి నీళ్లు ఆగలేదు. ఆగిపోయింది సమాచారం, నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

1960 సెప్టెంబర్ 19న కరాచీలో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసినప్పుడు రావి, బియాస్, సట్లెజ్ మనకి, మిగతా మూడు వాళ్లకి అని నదుల్నే పంచేసుకున్నారు. దాంతోపాటు రెండు దేశాల ఇంజనీర్లతో ఒక శాశ్వత కమిషన్ ఏర్పడింది, ఏ నదిలో ఏ రోజు ఎంత నీరు పారిందో ఒకరికొకరు చెప్పుకోవాలని నియమం పెట్టుకున్నారు. 1965, 1971, కార్గిల్... ఏ యుద్ధంలోనూ ఒప్పందం రద్దవలేదు. అయితే ఒప్పందం రాసుకున్నప్పుడు ఎవరూ అనుకోని విషయం ఒకటుంది, పైన మంచే మారిపోతుందని. సింధు ఎగువ భాగంలో పారే నీటిలో సగానికి పైగా మంచు, హిమానీనదాలు కరిగి వచ్చేదే. వేడి పెరిగేకొద్దీ మొదట కొన్ని దశాబ్దాలు నీరు పెరుగుతుంది, తర్వాత కరగడానికి మంచే తగ్గిపోయి వేసవి ప్రవాహం పడిపోతుంది. ఈలోగా హిమానీనదాల అంచుల్లో కొత్త సరస్సులు పుట్టుకొస్తాయి. అలాంటిది తెగితే ఏమవుతుందో 2023 అక్టోబర్‌లో సిక్కింలో చూశాం, సౌత్ లోనాక్ సరస్సు కట్ట తెగి 1,200 మెగావాట్ల తీస్తా-3 డ్యామ్‌ని ఊడ్చుకుపోయింది. ఆ తీస్తా కిందికి వెళ్లేది బంగ్లాదేశ్‌కే.

2025 ఆగస్టులో జమ్మూలో తావి నది పొంగింది. అది చీనాబ్‌లో కలిసేది, దిగువన పాకిస్తాన్ పంజాబ్. ఒప్పందం నిలిపేశాం కాబట్టి కమిషన్ దారి మూసుకుపోయింది. అయినా ఆగస్టు 24న ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్ ద్వారా, మానవతా దృక్పథంతో అంటూ వరద హెచ్చరిక పంపారు. నాకు చాలా సంతోషం వేసింది. కానీ వరద విషయంలో గంటలే ముఖ్యం, నీటి మట్టం కొలిచే గేజ్ దగ్గరున్న ఇంజనీరు నుంచి అవతలి ఇంజనీరుకి నేరుగా వెళ్లాల్సిన కబురు విదేశాంగ శాఖల మీదుగా తిరిగి వెళ్లడం ఎవరికీ క్షేమం కాదు. మూడు రోజులకే రావి ఉప్పొంగి అటు పాకిస్తాన్‌లోని కర్తార్‌పూర్ గురుద్వారాలోకి, ఇటు మన పంజాబ్‌లోని డేరా బాబా నానక్ పొలాల్లోకి ఒకేసారి నీళ్లొచ్చాయి. రావి అయితే ఒప్పందం ప్రకారం మన నదే! వరదకి ఆ వాటాలు పట్టవు.

ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మని నేను అనను. దాన్ని మార్చాల్సిన అవసరం నిజంగా ఉంది, 2024లో భారత్ పంపిన నోటీసులోనే జనాభా, పర్యావరణం, స్వచ్ఛ విద్యుత్ అవసరాలు మారాయని రాసింది. తీవ్రవాదం మీద మన పట్టుదలా న్యాయమైనదే. ఎవరికెన్ని నీళ్లన్న బేరం ఎన్నేళ్లు సాగినా సాగనివ్వండి, గేజ్ రీడింగులు, హిమ సరస్సుల కొలతలు, వరద హెచ్చరికలు మాత్రం ఆ బేరంలోంచి బయటికి తీసి రేపటి నుంచే ఇచ్చిపుచ్చుకోవచ్చు. అందుకు కొత్త డ్యామ్ అక్కర్లేదు, ఇంజనీర్ల మధ్య ఒక ఫోన్ లైన్, రోజూ పంపే ఒక పట్టిక చాలు.