మూలికలో గుణం ఎక్కడుంది? ఔషధ మొక్కలపై అపోహలు – వాస్తవాలు

ముడి మూలికలను పరీక్షించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. సంచిలో వచ్చిన ఎండు వేరు, ఆకు, బెరడు నిజంగా చీటీ మీద రాసిన మొక్కదేనా, అందులో ఉండవలసిన పదార్థం తగినంత ఉందా, ఉండకూడనిది ఏదైనా చేరిందా అని చూడటం నా వృత్తి. మొక్క పేరు తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్లు కాదని ఈ పని నాకు మొదటి రోజుల్లోనే నేర్పింది. ఏ భాగం తీశారు, ఏ వయసులో తీశారు, ఎక్కడ ఆరబెట్టారు అన్న వాటిని బట్టి ఒకే మొక్క ఒకచోట మందుగా, మరొకచోట ఒట్టి పుల్లగా, ఇంకొకచోట హానికరంగా నా బల్ల మీదికి వస్తుంది. జనంలో బాగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను అందుకే ఇక్కడ విడమరచి చెబుతున్నాను.

అపోహ: నన్నారి, సుగంధిపాల, మారేడుగడ్డ ఒకే వేరుకు ఉన్న మూడు పేర్లు.

రాయలసీమలో ఎండలు ముదరగానే నన్నారి షర్బత్ బండ్లు వెలుస్తాయి. తాగేవారిలో చాలామంది అది సుగంధిపాల వేరుతో చేసినదనే అనుకుంటారు. సుగంధిపాల, అంటే హెమిడెస్మస్ ఇండికస్, పొలం గట్ల మీద, తుప్పల్లో అల్లుకునే సన్నని తీగ. దాని వేరు సన్నగా, గట్టిగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఆయుర్వేదం సారిబ అని చెప్పే మూలిక అదే. షర్బత్‌కు చాలాచోట్ల వాడేది మాత్రం తూర్పు కనుమల కొండల్లో, రాతి సందుల్లో పెరిగే మారేడుగడ్డ, అంటే డెకాలెపిస్ హామిల్టోనై. దాని గడ్డ వేలంత లావున, ఒక్కోసారి అంతకన్నా లావుగా కండ పట్టి ఉంటుంది, మధ్యలో గట్టి పుల్ల ఉంటుంది. తమిళనాడు, కర్ణాటకల్లో ఆ పుల్ల తీసేసి కండతో ఊరగాయ పెడతారు. మారేడు అన్న మాట విని బిల్వ వృక్షాన్ని తలచుకునేవారూ ఉన్నారు కానీ, ఈ గడ్డకూ ఆ చెట్టుకూ ఏ చుట్టరికమూ లేదు.

వాసన చూసి తేడా పట్టుకోవచ్చని వ్యాపారులు అంటుంటారు. అది కుదరదు. ఈ రెండు వేర్లకూ ఆ తీయని వాసననిచ్చేది ప్రధానంగా ఒకే పదార్థం, 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిల్లాకు వాసననిచ్చే వెనిలిన్‌లోనూ ఇవే పరమాణువులు ఇంతే సంఖ్యలో ఉంటాయి, అమరిక మాత్రమే వేరు. కాబట్టి వేరును అడ్డంగా కోసి, సూక్ష్మదర్శిని కింద దాని లోపలి కట్టడాన్ని చూడవలసిందే. సుగంధిపాల అని రాసి ఉన్న సంచిలో సగం మారేడుగడ్డ ముక్కలే కనిపించిన సందర్భాలు నాకు ఒకటి రెండు కాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, సుగంధిపాల దేశమంతటా విరివిగా దొరికే తీగ. మారేడుగడ్డ దక్షిణ భారతంలో తప్ప సహజంగా పెరగదు, ప్రకృతి పరిరక్షణ సంస్థల జాబితాల్లో అది ప్రమాదంలో ఉన్న జాతి. గడ్డ మొత్తం పెకలిస్తే తీగ చచ్చిపోతుంది. ఓపికగా ఒక పక్కన తవ్వి, కొన్ని గడ్డలను తల్లి తీగకే వదిలి, గుంతను తిరిగి మట్టితో పూడ్చిన చోట అది మళ్లీ చిగురించే అవకాశం ఉంటుంది. పేరు తప్పుగా రాసి అమ్మినంత కాలం కొండ మీద నుంచి ఎంత మారేడుగడ్డ తరలిపోతున్నదో లెక్క తేలదు, లెక్క తేలనిదాన్ని కాపాడటం ఎవరి తరమూ కాదు.

సరస్వతి ఆకు సంగతీ ఇంతే. తెలుగువారు సరస్వతి ఆకు అనేది సెంటెల్లా ఏసియాటికా. ఉత్తరాది అంగళ్లలో బ్రాహ్మి అని అడిగితే తరచుగా ఇచ్చేది బకోపా మొనియెరి. మొదటిదాంట్లో ఏసియాటికోసైడ్, రెండోదాంట్లో బకోసైడ్లు ఉంటాయి. మొక్కలూ వేరు, గుణాలూ వేరు.

అపోహ: సహజమైనది కనుక హాని చేయదు.

గుణం ఉన్న ప్రతి పదార్థానికీ మోతాదు ఉంటుంది. నీలగిరి తైలం ఆకు నుంచి ఆవిరి పట్టి తీసినదే, అయినా చిన్నపిల్లలు కొద్దిగా మింగినా మూర్ఛలు రావచ్చు. ఒక చుక్కలో ఎన్నో ఆకుల సారం చేరి ఉంటుందన్న సంగతిని సువాసన నూనెలు వాడే ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవాలి.

అశ్వగంధను చూడండి. మన సంప్రదాయం చెప్పింది వేరును, మన పెన్నేరుగడ్డను. ఆకులో వితాఫెరిన్-ఎ అనే పదార్థం వేరులో కన్నా ఎక్కువగా ఉంటుంది. ఆకు చౌకగా వస్తుంది కనుక కొందరు దానినీ సారాల్లో కలపడం మొదలుపెట్టారు. ఆకును వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించవలసి వచ్చింది. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచారు. అదే ఏడాది ముంబయి వైద్యులు దానిని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న సంగతిని ప్రచురించారు. కాండం మీద బుడిపెలుండే దగ్గరి జాతి, టైనోస్పోరా క్రిస్పా, కలిసి ఉంటుందని ఒక వాదన వచ్చింది, పోల్చుకోవడంలో జాగ్రత్త అవసరమనడంలో ఆ వాదన సరైనదే. అయితే తరువాతి పరిశీలనల్లో అసలు తిప్పతీగ వాడినవారిలోనూ, ముఖ్యంగా ఒంటి రక్షణ వ్యవస్థ తన మీదే తిరగబడే స్వభావం ఉన్నవారిలో, ఈ ఇబ్బంది కనిపించింది. మూలికల మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఈ మాట దాచడం తప్పు. నెలల తరబడి కషాయం తాగేవారు వైద్యుడికి చెప్పి తాగాలి.

అపోహ: పొడపత్రి నమిలితే తీపి తెలియదు కాబట్టి అది చక్కెర వ్యాధిని నయం చేస్తుంది.

పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్లుంటుంది. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కొంతసేపు అడ్డుకుంటాయి. అది నాలుక మీద జరిగే పని. రక్తంలో చక్కెర మీద దాని ప్రభావం వేరే విషయం, అది కొంత ఉంది గనుకనే మధుమేహం మాత్రలు వేసుకునేవారు దానిని సొంతంగా కలిపితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: అడవిలో పెరిగినదానికే గుణం, సాగు చేసినది నిస్సారం.

నాకు ఎక్కువగా ఎదురయ్యే నమ్మకం ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. నేలవేములో చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకులోనే ఎక్కువ. నాటిన మూడు నాలుగు నెలలకు, పూత మొదలయ్యే వేళ అది పుష్కలంగా ఉంటుంది, కాయలు ముదిరి ఆకు రాలాక తగ్గిపోతుంది. రైతు ఆ వేళ చూసి కోసి నీడన ఆరబెట్టిన నేలవేము, ఎప్పుడు వీలైతే అప్పుడు పీకి ఎండలో పారేసిన అడవి నేలవేము కన్నా మెరుగైన ఫలితమిస్తుంది. అనంతపురం, కర్నూలు ప్రాంతాల తేలిక నేలల్లో వేసే అశ్వగంధ కూడా ఇంతే. ఆకు ఎండి, కాయలు ఎర్రబారాక, అంటే సుమారు 5 నుంచి 6 నెలలకు తవ్వితే వేరు పిండిపట్టి ఫట్‌మని విరుగుతుంది. మరీ ఆలస్యం చేస్తే నారగా మారి ధర పడిపోతుంది.

సాగు చేయదలచిన రైతులకు ఒక మాట. కొనుగోలుదారు ఎవరో తేల్చుకోకుండా విత్తనం కొనవద్దు. విత్తనం అమ్మినవారే పంట కూడా కొంటామని ఇచ్చే నోటిమాటను నమ్మి నష్టపోయినవారిని నేను చూశాను. లక్నో కేంద్రంగా పనిచేసే సీమ్యాప్‌కు, అంటే కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థకు, హైదరాబాదు బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. ముందు అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

అపోహ: మెత్తగా నూరిన పొడి మేలైన సరుకు.

మెత్తని పొడిలో ఏముందో కంటితో చెప్పడం అసాధ్యం, నాకు కూడా. కుదిరినంతవరకు మూలికను ముక్కలుగానే కొని ఇంట్లో దంచుకోండి.

అపోహ: సేకరించే గిరిజనుల వల్లనే అడవిలో మూలికలు అంతరిస్తున్నాయి.

తపసి చెట్టు జిగురును చూస్తే అసలు కారణం అర్థమవుతుంది. నీటిలో ఎన్నో రెట్లు ఉబ్బే ఈ జిగురును విరేచనకారిగా, కట్టుడు పళ్లను అంటించే పొడిగా వాడతారు, విదేశాలకూ పంపుతారు. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరికి జిగురు తీసేవారు, గాయం మానక చెట్లు చనిపోయేవి. తూకాన్ని బట్టి మాత్రమే డబ్బు ఇస్తే ఎవరైనా తొందరగా, ఎక్కువగా తీయాలనే చూస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ రంగునూ శుభ్రతనూ బట్టి ధర ఇవ్వడం, చిన్న గాట్లు పెట్టే పద్ధతిలో సేకరణదారులకు శిక్షణ అందడం జరిగాక పరిస్థితి మారింది. లోపలి కర్రకు తగలకుండా బెరడు మీదనే పెట్టిన సన్నని గాటు మానిపోతుంది, చెట్టు మరుసటి ఏడూ జిగురిస్తుంది. ఆ గాటు నుంచి వచ్చే జిగురులో బెరడు ముక్కలు తక్కువ, రంగు తెలుపు, మంచి ధర దానికే. మా పరీక్షలో మొదటి శ్రేణి వచ్చే సరుకు, చెట్టును బతకనిచ్చిన చేతుల నుంచి వచ్చినదే.