డోరేమాన్ చూసే పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

మీరు టీవీ ముందు కూర్చుంటే "ఎప్పుడు చూసినా ఆ నీలం పిల్లేనా!" అని పెద్దవాళ్లు విసుక్కోవడం నాకు తెలుసు. ఆ నోబితా చదవడు, పని చేయడు, ఏడుస్తూ ఇంటికొచ్చి చెయ్యి చాపుతాడు, భవిష్యత్తు నుంచి వచ్చిన ఆ రోబో పిల్లి డోరేమానేమో జేబులోంచి ఏదో ఒకటి తీసి ఇచ్చేస్తుంది, మీరూ అలాగే తయారవుతారని వాళ్ల భయం. నాదీ వాళ్ల వయసే. అయినా ఈ విషయంలో నా ఓటు మీకే. అడిగింది దొరకడం ఆ కథలో సగమే. దొరికాక ఏమవుతుందో చెప్పేది మిగతా సగం, అసలు మజా అక్కడే ఉంది.

మెమరీ బ్రెడ్ సంగతే చూడండి. పుస్తకంలో పేజీ మీద బ్రెడ్డు ముక్క అద్ది తింటే చాలు, ఆ పేజీ అంతా నోటికి వచ్చేస్తుంది. పరీక్షకు ముందు రోజు ఇంతకంటే ఏం కావాలి! నోబితా ముక్క మీద ముక్క లాగించాడు. పొట్ట పగిలేంత తిన్నాక బాత్రూంకి పరుగెత్తక తప్పలేదు, దాంతోపాటే చదువంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి తినాలి. బ్రెడ్డులో లోపమేమీ లేదు, చెప్పినట్టే పనిచేసింది. నోబితా పొట్ట మాత్రం మామూలు పొట్టే.

అది నవ్వులాట. ఇంకో కథ నన్ను కాస్త భయపెట్టింది కూడా. అందులో డోరేమాన్ ఒక స్విచ్ ఇస్తాడు. ఎవరి పేరు చెప్పి నొక్కితే వాళ్లు మాయమైపోతారు, వాళ్లు అసలు పుట్టనే లేదన్నట్టు లోకం మరిచిపోతుంది. నోబితా మొదట, తనను ఎప్పుడూ కొట్టే జియాన్‌ని మాయం చేశాడు. చిత్రమేమిటంటే, ఆ తన్నులు తినడం తప్పలేదు, జియాన్ బదులు ఇంకొకడు తయారయ్యాడు. చివరికి కోపంలో నోరు జారి అందరినీ మాయం చేసేశాడు. ఊరంతా తనదే, ఏ షాపులోకైనా వెళ్లొచ్చు, ఏ బొమ్మతోనైనా ఆడుకోవచ్చు. సాయంత్రానికల్లా జియాన్ వచ్చి కొట్టినా బాగుండుననిపించింది. అప్పుడు డోరేమాన్ కనిపించి అసలు విషయం చెప్పాడు. అందరి మీదా పెత్తనం చేయాలనుకునే వాళ్లకు బుద్ధి చెప్పడానికి చేసిన స్విచ్ అది. మాయమైనవాళ్లంతా తిరిగొచ్చారు.

ఇలాంటి కథలు అల్లినాయన పేరు హిరోషి ఫుజిమోటో. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో, తకావోకాలో 1933లో పుట్టాడు. చిన్నప్పుడు ఆయన చదివే బడికి మోటో అబికో అనే అబ్బాయి వచ్చి చేరాడు. ఇద్దరికీ బొమ్మలు గీసే పిచ్చి. ఆ పిచ్చితోనే 1954లో కలిసి టోక్యో వెళ్లారు. ఇద్దరి పేర్లలోంచి ముక్కలు తీసి 'ఫుజికో ఫుజియో' అని ఒకే పేరు పెట్టుకున్నారు. కథ ఎవరు గీసినా, కింద ఉండేది ఆ పేరే. డోరేమాన్ గీసింది ఫుజిమోటో ఒక్కడే, అయినా ఏళ్ల తరబడి అది ఇద్దరి పేరుతోనే అచ్చయింది. 1980ల చివర్లో ఎవరి దారిన వాళ్లు గీసుకోవాలని నిర్ణయించుకునే దాకా అలాగే సాగింది. నా పేరు పెద్దగా వేయమంటే నాది వేయమని కొట్లాడుకునేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి, ఇది నాకు టైమ్ మెషీన్ కంటే పెద్ద వింత.

డోరేమాన్ ఎలా పుట్టాడో కూడా చెప్పాలి. కొత్త బొమ్మల కథ వస్తోందని పత్రికలో ప్రకటన వచ్చేసింది, ఫుజిమోటో బుర్రలో మాత్రం కథే లేదు. గడువు ముంచుకొస్తుంటే టెన్షన్‌తో, నా బదులు ఆలోచించి పెట్టే యంత్రం ఉంటే బాగుండునని అనుకున్నాడట. అచ్చం నోబితాలాగే! అంతలో, ఎటు తోసినా లేచి నిలబడే కూతురి ఆటబొమ్మ ఒకటి కాలికి తగిలింది. పిల్లుల గోల ఎటూ బుర్రలో ఉంది. బొమ్మా పిల్లీ కలిసి డోరేమాన్ అయ్యాయి. 1970 జనవరి సంచికలతో ఆ కథ ఆరు పిల్లల పత్రికల్లో ఒకేసారి మొదలైంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఇంకా చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. డోరేమాన్ భవిష్యత్తుకు తిరిగి వెళ్లిపోవాల్సి వస్తుంది. నేను లేకపోతే నోబితా ఏమైపోతాడోనని దిగులు పడతాడు. ఆ దిగులు తీర్చడానికి నోబితా ఏ వస్తువూ అడక్కుండా, రాత్రిపూట ఒక్కడే జియాన్‌తో తలపడ్డాడు. ఎన్ని దెబ్బలు తగిలినా వదలలేదు, జియానే విసిగిపోయి ఓటమి ఒప్పుకున్నాడు. తెల్లారేసరికి డోరేమాన్ లేడు. ఇది మూడో తరగతి పిల్లల పత్రిక 1974 మార్చి సంచికలో వచ్చింది. జపాన్‌లో ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలవుతుంది. నాలుగో తరగతికి వెళ్లిన ఆ పిల్లలకే, నాలుగో తరగతి పత్రిక ఏప్రిల్ సంచికలో మిగతా కథ దొరికింది. డోరేమాన్ వదిలి వెళ్లిన పెట్టెలో ఒక మందు ఉంటుంది, అది తాగి ఏం చెప్పినా దానికి వ్యతిరేకంగా జరుగుతుంది. నోబితా దాన్ని జియాన్, వాడి జతగాడు సునియోల మీద కసి తీర్చుకోవడానికి వాడాడు. తర్వాత దిగులుగా ఇంటికొచ్చి, "డోరేమాన్ ఇక తిరిగి రాడు" అన్నాడు. వచ్చేశాడు! ఆ మాట కోరికగా అన్నది కాదు, మందు సంగతి వాడికి గుర్తే లేదు.

ఉంటాను.
మీ తాతయ్య

తా.క. మొట్టమొదటి కథలో ఒక చిక్కు ఉంది. నోబితా మునిమనవడి కొడుకు సెవాషి భవిష్యత్తు నుంచి వచ్చి, నీ పెళ్లి జియాన్ చెల్లెలితో అవుతుందని, ఆ రాత మార్చొచ్చని అంటాడు. అప్పుడు నువ్వు పుట్టవు కదా అని నోబితా అడుగుతాడు, తెలివైన ప్రశ్నే. ఒసాకాకు రైల్లో వెళ్లినా, విమానంలో వెళ్లినా, దిక్కు సరిగ్గా ఉంటే చేరేది ఒసాకాకే అంటాడు సెవాషి. నాకీ జవాబు పూర్తిగా మింగుడు పడలేదు. ఒసాకా ఉన్నచోటే ఉంటుంది, పుట్టాల్సిన పిల్లాడు అలా ఎక్కడో సిద్ధంగా ఉండడు కదా? మీకేమనిపిస్తుందో నాకు రాయండి.