గ్రహణం మొర్రికి, గ్రహణానికి సంబంధం ఏంటి?

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది, దానికిప్పుడు ఏడో నెల, గ్రహణం రోజు చూసుకోక కూరగాయలు తరిగిందట, ఇంట్లోవాళ్ళు కంగారు పెట్టేసరికి ఒకటే ఏడుపు, "అక్కా, బిడ్డకి మొర్రి వస్తుందా?" అని. రాదే తల్లీ, ఎందుకు రాదో విను అని చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉన్న గాడిని వేలితో తడిమి చూడండి, అటూ ఇటూ రెండు సన్నటి గట్లు తగులుతాయి. అవి అతుకులు! పిండానికి మొహం ఒకేసారి తయారవదు, ఐదు బుడిపెలు తలో పక్క నుంచి పెరుగుతూ వచ్చి కలుస్తాయి.

కజ్జికాయలు చేసేటప్పుడు ఒత్తిన పూరీలు ఒకదానికొకటి అంటుకోకుండా పొడిపిండి చల్లుతాం కదా, పిండం మీదా అలాంటి పొర ఒకటుంటుంది, పెరిడెర్మ్ అంటారు, అంటుకోకూడని చోట అంటుకోకుండా కాపాడేది అదే. కానీ కజ్జికాయ మడిచేటప్పుడు అంచున ఆ పొడి ఉంటే అతుకు నిలవదు, తుడిచి తడి రాయాలి. పెదవి దగ్గర కూడా రెండు బుడిపెలు తాకిన చోట ఆ పొర పోవాలి, మధ్యలో మిగిలిన చర్మకణాలు కూడా కరిగిపోవాలి, అప్పుడే లోపలి కణజాలం ఏకమవుతుంది. పూరీ మరీ చిన్నదైనా అంతే, అంచు అంచుని అందుకోదు, అలాగే బుడిపె సరిగ్గా పెరక్కపోతే రెండో బుడిపెని అందుకోలేదు. ఈ పెరిడెర్మ్ పనిలో ఐఆర్ఎఫ్6 అనే జీన్‌ది పెద్ద పాత్ర, దానిలో తేడా ఉంటే వాన్ డర్ వూడ్ సిండ్రోమ్ వస్తుందని 2002లో తేలింది, అందులో మొర్రితో పాటు కింది పెదవి మీద చిన్న గుంటలు కూడా ఉండొచ్చు.

సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి పెదవో అంగిలో చీలి ఉంటుంది. చాలాసార్లు ఒక్క కారణం దొరకదు, కొన్ని జీన్లు, తల్లికి ముందునుంచీ ఉన్న షుగరు, సిగరెట్ పొగ, వాల్‌ప్రొయేట్, టోపిరామేట్ లాంటి ఫిట్స్ మందులు, ఇలా కొన్ని కలిసొస్తాయి. (ఫిట్స్ మందులు సొంతంగా మాత్రం ఆపేయకండి, ప్రాణానికే ప్రమాదం, గర్భం అనుకున్నప్పుడే డాక్టర్‌ని అడగండి.)

అసలు విషయం టైము. పై పెదవి అతుక్కునేది కడుపులో పడ్డాక ఆరేడు వారాల్లో. మూడో నెల సగానికే ఆ పని అయిపోతుంది. ఏడో నెలలో కత్తి పట్టుకుంటే అతుక్కున్న పెదవి ఎలా చీలుతుంది? అయినా మొర్రితో బిడ్డ పుడితే "గ్రహణంలో బయటికొచ్చావ్" అని తల్లినే అంటారు, ఆ పేరే అలా పెట్టేశాం మనం, నాకు చాలా బాధేస్తుంది.

మా పిన్ని కూతుర్ని ఐదో నెలలో తీసిన టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) రిపోర్ట్ పంపమన్నా, పై పెదవి మామూలుగానే ఉందని రాసుంది. అంగిలి మాత్రం స్కాన్‌లో అంత బాగా కనపడదు, చుట్టూ ఎముకల నీడ పడుతుంది, అందుకే పుట్టగానే టార్చి వేసి కొండనాలుక దాకా చూడమని డాక్టర్‌ని అడగమన్నా.