ఎనిమిదింటి సీరియల్ ఎనిమిదింటికే చూడాలా? టీవీ చూడ్డంపై అపోహలు - వాస్తవాలు

టీవీలు బిగించి, సెట్ టాప్ బాక్సులు సెట్ చేసేవాళ్లకి ప్రతి ఇంట్లో వినిపించే మాటలు రెండు. "మాకు టీవీ చూసే తీరికెక్కడిదండీ" అన్నది ఒకటి. "కూర్చుంటే పన్నెండయినా లేవబుద్ధి కాదు" అన్నది రెండోది. చాలాసార్లు ఈ రెండూ ఒకే మనిషి నోట వస్తాయి. అందులో వింతేం లేదు. మనం చూసే కార్యక్రమం తినే టైమ్ తక్కువ, దాని ముందూ వెనకా పోయేదే ఎక్కువ. ఆ పోయేది ఎక్కడెక్కడ పోతుందో తెలిస్తే సగం తీరిక అక్కడే దొరుకుతుంది.

అపోహ: అరగంట సీరియల్ అంటే అరగంట కథ.

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994 ప్రకారం గంటకి 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారం. అంటే అరగంటలో 6 నిమిషాలు నిబంధన ప్రకారమే పోతాయి. దానికి టైటిల్ పాట, నిన్నటి భాగం, చివర్లో రేపటి ప్రోమో కలపండి. కొత్త కథ మిగిలేది 20, మహా అయితే 22 నిమిషాలు.

ఇప్పుడు వారం లెక్క వేయండి. సోమవారం నుంచి శనివారం దాకా టీవీ ముందు కూర్చుంటే 180 నిమిషాలు. అదే ఆరు ఎపిసోడ్లు యాడ్స్ లేని ప్లాన్‌లో యాప్‌లో చూస్తే 132. వేగం 1.25 పెడితే 106 నిమిషాల లోపే. ఒక్క సీరియల్ మీదే వారానికి గంటా పావు దాకా మిగిలింది. యాడ్స్‌తో వచ్చే ఉచిత ప్లాన్‌లో మాత్రం ఈ లెక్క కుదరదు. పైగా వేగం మార్చే వీలు కొన్ని యాప్‌లలో ఫోన్‌లోనే ఉంటుంది, టీవీలో ఉండదు. డబ్బు కట్టేముందు అది చూసుకోండి. కామెడీ షోకి, పాటల పోటీకి వేగం పెంచొద్దు, రుచి పోతుంది. ఒకే చూపు మీద మూడుసార్లు జూమ్ పడే సీరియల్‌కి 1.5 పెట్టినా నష్టమేం లేదు.

అపోహ: బాక్సుకి పెన్‌డ్రైవ్ గుచ్చితే రికార్డింగ్ అయిపోతుంది.

ఎక్కువమంది విసిగిపోయి వదిలేసేది ఇక్కడే. వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉన్నంత మాత్రాన బాక్సు రికార్డింగ్ చేస్తుందని కాదు. రిమోట్ మీద ఎర్ర చుక్క బటన్, మెనూలో రికార్డింగ్స్ అనే పేజీ, రెండూ ఉండాలి. కొన్ని కంపెనీలు ఈ సదుపాయాన్ని అడిగితేగానీ తెరవవు.

పెన్‌డ్రైవ్ దగ్గర వచ్చే చిక్కు వేగం. బాక్సు ఆగకుండా రాస్తూ పోవాలి, చవక పెన్‌డ్రైవ్ ఆ జోరు తట్టుకోలేదు. బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, లేదా బాక్సు దాన్ని గుర్తించనే గుర్తించదు. 2.5 అంగుళాల యూఎస్‌బీ హార్డ్ డిస్క్, 500 జీబీది పెట్టండి. మామూలు ఎస్‌డీ ఛానెల్ గంటకి సుమారు 1 జీబీ, హెచ్‌డీ అయితే 3 నుంచి 3.5 జీబీ తింటుంది. ఆ లెక్కన 500 జీబీలో హెచ్‌డీ 140 గంటల పైనే పడుతుంది.

డిస్క్ పెట్టగానే "ఫార్మాట్ చేయమంటారా" అని బాక్సు అడుగుతుంది. సరే అన్నారంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పెళ్లి ఫొటోలున్న డిస్క్‌ని బాక్సు దరిదాపులకి కూడా తీసుకురావద్దు.

రికార్డింగ్ మధ్యలో ఆగిపోతూ, డిస్క్‌లోంచి టిక్ టిక్ మని చప్పుడొస్తుంటే డిస్క్ పాడైందని వెంటనే పారేయకండి. పాత బాక్సుల పోర్టు 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే చాలాసార్లు ఆ చప్పుడు పోతుంది.

ఇక టైమర్. గైడ్‌లో 8.00 అని ఉన్నా సీరియల్ సరిగ్గా ఎనిమిదికే మొదలవ్వాలని లేదు. ముందు 5 నిమిషాలు, వెనక 10 నిమిషాలు కలిపి పెట్టండి. ఆ పది నిమిషాలే కీలకం. శనివారాలు, "మహాసంగమం" రోజుల్లో ఎపిసోడ్ సాగుతుంది, అసలు ముడి విప్పేది చివరి మూడు నిమిషాల్లోనే. ఒకే ట్యూనర్ ఉన్న, అంటే ఒకసారికి ఒక్క ఛానెల్‌నే అందుకోగల బాక్సులో వేర్వేరు ఛానెళ్ల మీద 8 గంటలకొకటి, 8.30కొకటి పెడితే ఈ అదనపు నిమిషాలు ఒకదాని మీద ఒకటి పడి రెండోది రికార్డవదు. రెండూ ఒకే ఛానెల్ అయితే విడివిడిగా కాకుండా 7.55 నుంచి 9.10 దాకా ఒకే ముక్కగా పెట్టేయండి. వేర్వేరు ఛానెళ్లయితే ఒకదాన్ని మర్నాటి పునఃప్రసారానికి పెట్టండి. చాలా ఛానెళ్లు ముందురోజు ఎపిసోడ్‌ని మళ్లీ పొద్దున్నో మధ్యాహ్నమో వేస్తాయి. జోరువానకి డిష్ సిగ్నల్ పోయి రికార్డింగ్‌లో గండి పడ్డప్పుడు కూడా ఈ పునఃప్రసారమే దిక్కు.

రికార్డయింది ఆ బాక్సులోనే ఆడుతుంది. లాప్‌టాప్‌కి తగిలిస్తే ఏమీ కనబడదు, ఎందుకంటే ఫైళ్లకి ఆ బాక్సు తాళమే వేసి ఉంటుంది. బాక్సు మారిస్తే పాతవన్నీ పోయినట్టే. రీచార్జ్ అయిపోయినా చాలా బాక్సులు పాత రికార్డింగ్‌లు చూపించవు.

అపోహ: స్టాండ్‌బైలో వదిలేస్తే కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది.

టీవీ విషయంలో తప్పు, బాక్సు విషయంలో కొంత నిజం. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ స్టాండ్‌బైలో అర వాట్ అటూఇటూ తీసుకుంటుంది. నెలంతా అలా ఉన్నా యూనిట్‌లో మూడో వంతే. సెట్ టాప్ బాక్సు మాత్రం రిమోట్‌తో ఆపినా లోపల పనిచేస్తూనే ఉంటుంది. అది 10 వాట్లు తీసుకుంటే రోజంతా, నెలంతా కలిపి 7.2 యూనిట్లు. మీ బాక్సు అడాప్టర్ మీద 12 వోల్ట్స్, 1 ఆంపియర్ అని ఉంటే అది 12 వాట్లకు మించి ఇవ్వలేదని అర్థం. లెక్క మీరే వేసుకోవచ్చు.

చిక్కెక్కడంటే, పడుకునేముందు గోడ స్విచ్ కట్టేసే అలవాటు. టైమర్ పెట్టుకుని స్విచ్ కట్టేస్తే ఏ బాక్సూ రికార్డ్ చేయదు. టీవీకి, బాక్సుకి వేరు వేరు స్విచ్‌లు పెట్టించుకోండి. రికార్డింగ్ లేని రోజు రెండూ కట్టేయొచ్చు. కోతలున్న ఊళ్లో బాక్సుని ఇన్వర్టర్ లైన్‌లోకి మార్పించండి. వారం పది రోజులు ఊరెళ్లి వచ్చాక కొన్ని ఛానెళ్లు రాకపోతే కంగారుపడక్కర్లేదు. బాక్సుని ఆన్ చేసి 20 నిమిషాలు ఒక ఛానెల్ మీద వదిలేయండి, అనుమతులు మళ్లీ దిగుతాయి. అప్పటికీ రాకపోతే అప్పుడు ఫోన్ చేయండి. ఓఎల్‌ఈడీ టీవీ ఉన్నవాళ్లు మాత్రం చూడ్డం ముగియగానే గోడ స్విచ్ కట్టకూడదు. స్టాండ్‌బైలో ఉన్నప్పుడే అది తెరను సరిచేసుకుంటుంది. రోజంతా అడుగున స్క్రోలింగ్ పరిగెత్తే న్యూస్ ఛానెల్ పెట్టే ఇంట్లో అది తప్పనిసరి.

అపోహ: ఛానెళ్లు ఎన్ని ఉంటే అంత మంచిది.

వారం రోజులు ఎవరెవరు ఏ ఛానెల్ చూశారో ఒక కాగితం మీద రాయండి. చాలా ఇళ్లలో పది, పన్నెండు దాటవు. మిగతా రెండు వందలూ వేలితో తోసుకుంటూ దాటడానికే. ఆ తోసుకోవడంలోనే రోజుకి పావుగంట కరిగిపోతుంది. రాసుకున్నవాటిని ఫేవరెట్ జాబితాలో పెట్టి, రిమోట్‌లో ఆ బటన్ మీదే తిరగండి. టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానం 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఛానెళ్లని విడిగా ఎంచుకునే హక్కు మనకుంది. కేబుల్ అతను "ప్యాకేజే తీసుకోవాలి" అంటే ఒప్పుకోనక్కర్లేదు. కాకపోతే ఒకే సంస్థవి మూడు నాలుగు ఛానెళ్లు కావాలంటే విడివిడిగా కన్నా బొకేనే (కొన్ని ఛానెళ్లు కలిపి ఒకే ధరకి ఇచ్చే కట్ట) చవక పడొచ్చు. రెండు ధరలూ అడిగాకే తేల్చుకోండి.

అపోహ: మేం టైమ్‌కి చూడకపోతే సీరియల్ రేటింగ్ పడిపోతుంది.

ఏ ఛానెల్ చూస్తున్నారో లెక్కగట్టే మీటర్ ఉన్న ఇళ్లు దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు. రేటింగ్‌లు ఇచ్చే సంస్థ బార్క్ అంకెలు వాటి నుంచే వస్తాయి. మీ ఇంట్లో మీటర్ లేకపోతే మీరు ఎనిమిదికి చూసినా, ఎల్లుండి చూసినా ఆ అంకెకి పట్టదు.

అపోహ: దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయి.

పోవు, అలసిపోతాయి. 43 అంగుళాల టీవీకి ఆరేడు అడుగులు, 55కి ఏడు నుంచి తొమ్మిది అడుగులు హాయిగా ఉంటుంది. పిల్లాడు ఎంత చెప్పినా తెర దగ్గరకే జరుగుతుంటే తిట్టకుండా ఓసారి కళ్ల పరీక్ష చేయించండి, దూరం ఆనకపోవడం వల్ల కావచ్చు. రెండేళ్లలోపు పిల్లలకి తెర వద్దే వద్దని, 2 నుంచి 4 ఏళ్లవారికి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మెడనొప్పికి మాత్రం టీవీ ఎత్తే కారణం. సోఫాలో కూర్చునేవాళ్లకి తెర మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. షోకేసు పైన ఐదడుగుల ఎత్తులో బిగించి, చాప మీద కూర్చుని చూస్తే మెడ పట్టేయక ఏం చేస్తుంది?

అపోహ: యాప్‌లో లైవ్ అంటే లైవే.

డిష్ కన్నా యాప్ 20 నుంచి 40 సెకన్లు వెనకుంటుంది. బౌలర్ పరుగు మొదలెట్టకముందే పక్కింట్లో ఈలలు వినిపించేది అందుకే. మ్యాచ్ ఒక్కటి చాలు అనుకుంటే డిష్ ఉంచుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ గొడవ వేరే రకం. ఐపీఎల్ రాత్రి 7.30 మ్యాచ్ న్యూయార్క్‌లో పొద్దున 10కి వస్తుంది. మన ఎనిమిదింటి సీరియల్ వాళ్లకి వేసవిలో పదిన్నరకి, నవంబర్‌లో గడియారం వెనక్కి తిప్పాక తొమ్మిదిన్నరకి. ఆ టైమ్‌లో ఆఫీసులో ఉంటారు. అందుకే అక్కడ ఎవరూ "సీరియల్ టైమైంది" అని పరిగెత్తరు, రాత్రి అంట్లు తోముకున్నాక పెట్టుకుంటారు. ఇక్కడా అలా పెట్టుకోకూడదన్న రూలేం లేదు.

అపోహ: ఒక్క ఎపిసోడ్ అయ్యాక లేచిపోవచ్చు.

ఎపిసోడ్ ముగిసే చోటే లేవడం అన్నిటికన్నా కష్టం. మనల్ని కూర్చోబెట్టడానికే అక్కడ ముడి వేస్తారు. పైగా ఆటోప్లే ఉంటే కొద్ది సెకన్లలో తర్వాతిది మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో ఆటోప్లే తీసేయండి. ఒకవేళ మొదలైపోతే అయిదు నిమిషాలు చూసి, ఆ ముడి విడిపోయాక ఆపండి. లేవడం తేలిక.

నిద్ర పట్టేస్తుందనుకునేవాళ్లు టీవీ మెనూలో స్లీప్ టైమర్ 60 నిమిషాలకి పెట్టుకోవచ్చు. ఇందులో ఒక తిరకాసుంది. స్లీప్ టైమర్ ఆపేది టీవీని. యాప్‌లు చూడ్డానికి టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ గోడ అడాప్టర్‌తో నడుస్తుంటే అది ఆగదు, చీకట్లో ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ ఆడిస్తూనే ఉంటుంది. మర్నాడు తెరిస్తే మీరు చూడనివి మూడు "చూసినట్టు" కనిపిస్తాయి. టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎమ్ఐ సీఈసీ (టీవీ, దానికి గుచ్చినవీ ఒకదానికొకటి ఆన్, ఆఫ్ చెప్పుకునే సదుపాయం) ఆన్ చేసి చూడండి. చాలా టీవీల్లో అప్పుడు టీవీతో పాటు స్టిక్ కూడా నిద్రపోతుంది.