ఇంటి రంగుల్లో సీసం: చట్టం ఎంతవరకు కాపాడుతుంది? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని ఒక పరీక్షాశాలలో రంగులు, పూతల నమూనాలను విశ్లేషించడం నా వృత్తి. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, ముఖ్యంగా పాత ఇల్లు కొని మరమ్మతులు చేయించుకునేవారు, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక నాకు ఫోన్ చేస్తుంటారు. వారి మాటల్లో తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ చేర్చాను. చట్టం ఏ వస్తువుకు, ఏ దశలో వర్తిస్తుందో తెలియకపోవడమే వీటిలో చాలావాటికి మూలం.

అపోహ: సీసం కలిసిన రంగులను ప్రభుత్వం నిషేధించింది కాబట్టి మా ఇంట్లో ఆ సమస్య ఉండదు.

వాస్తవం: కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016 నవంబరు 1న జారీ చేసిన నిబంధనలు ఏడాది తరువాత, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. గృహ, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించితే వాటిని తయారు చేయకూడదు, అమ్మకూడదు, దిగుమతి లేదా ఎగుమతి చేయకూడదు. ఈ నిబంధన దుకాణంలోని కొత్త డబ్బాకు వర్తిస్తుందే తప్ప, బసవనగుడిలోనో మల్లేశ్వరంలోనో దశాబ్దాలుగా పూత మీద పూత పడిన టేకు కిటికీ జోలికి పోదు. అమెరికాలో ఇళ్లకు వాడే సీసం రంగులను 1978లో నిషేధించారు. అంతటితో ఆగకుండా, అంతకుముందు కట్టిన ఇంటిని అమ్మేవారు, అద్దెకిచ్చేవారు తమకు తెలిసిన సీసం రంగు వివరాలను వెల్లడించాలని 1992లో చట్టం చేశారు. అటువంటి ఇళ్లలో రంగు చెదిరే మరమ్మతులను ధ్రువీకరణ పొందిన సంస్థలే చేయాలన్న నిబంధన 2010 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. మనం ఇల్లు కొనేటప్పుడు ఖాతా, ఈసీ, పన్ను రసీదులు అన్నీ తిరగేస్తాం. కిటికీ మీద ఏ రంగు ఉందో చెప్పాల్సిన బాధ్యత మాత్రం అమ్మేవారికి లేదు.

ఆ కిటికీ నుంచి ఊడిన పెచ్చును నిలువుగా పట్టుకుని భూతద్దం కింద చూస్తే, పైన నిగనిగలాడే తెలుపు, దాని కింద మీగడ రంగు, ఆ కింద ఆకుపచ్చ, చెక్కను ఆనుకుని పసుపు, ఇలా పొరలు వరుసగా కనిపిస్తాయి. సీసం సాధారణంగా ఆ అడుగు పొరల్లో ఉంటుంది. పాత ఎనామిల్ రంగుల్లో పసుపు, నారింజ ఛాయలకు లెడ్ క్రోమేట్ అనే సీసం సమ్మేళనం వాడేవారు. దానికే ప్రష్యన్ నీలం కలిపితే ఆకుపచ్చ వచ్చేది. పూత త్వరగా ఆరడానికి కలిపే డ్రయ్యర్లలోనూ సీసం సమ్మేళనాలు ఉండేవి. పై పొర తెల్లగా, కొత్తగా ఉన్నంత మాత్రాన అడుగున ఏముందో తెలియదు.

అపోహ: అయితే పాత రంగంతా చెక్క కనిపించేదాకా గీకించేస్తే పీడ వదులుతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ నిర్ణయమే. గట్టిగా అతుక్కుని ఉన్న పూతలోని సీసం సాధారణంగా ఎవరి ఒంట్లోకీ పోదు. ఎమరీ పేపరు పెట్టి పొడిగా రుద్దినప్పుడు, శాండింగ్ మిషన్ తిప్పినప్పుడు, మంటతో కాల్చి ఊడదీసినప్పుడు అదే సీసం కంటికి కనిపించని దుమ్ముగా, పొగగా మారి ఇల్లంతా పరుచుకుంటుంది. ఒక చిన్న లెక్క చెబుతాను. బరువులో ఒక్క శాతం సీసం ఉన్న పాత పూత ఒక గ్రాము రాలితే అందులో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. పిల్లలకు ఆహారం ద్వారా అందే సీసానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న కొలమానం రోజుకు 2.2 మైక్రోగ్రాములు. ఒక తలుపును గీకితే రాలేది ఒక గ్రాముతో ఆగదని రంగుల పని చూసినవారెవరికైనా తెలుసు.

పూత బాగుంటే దాన్ని కదపకుండా శుభ్రంగా తుడిచి పైన కొత్త పూత వేయించడమే మేలు. రెక్క, చట్రం ఒరుసుకునే కిటికీల విషయంలో మాత్రం ఇది చాలదు. మూసి తెరిచిన ప్రతిసారీ అక్కడ రంగు అరుగుతుంది కాబట్టి వీలైతే ఆ రెక్కలనే మార్పించాలి. గీకక తప్పని చోట నీళ్లు చిలకరించి తడిగా గీకించండి. కింద ప్లాస్టిక్ షీటు పరిపించండి, గది తలుపు మూయించండి, పని ముగిశాక చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిపించండి. మంటతో కాల్చడాన్ని, సుమారు 593 డిగ్రీల సెల్సియస్ దాటే హీట్ గన్‌ను అమెరికా నిబంధనలు పూర్తిగా నిషేధించాయి. ఇక్కడ అడ్డుకునే చట్టం లేకపోయినా మేస్త్రీతో ముందే ఆ షరతు పెట్టుకోవచ్చు. పని జరిగినన్నాళ్లు గర్భిణులు, చిన్నపిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు. పెయింటర్ బట్టల మీది దుమ్ము సాయంత్రానికి అతని పిల్లల దగ్గరికి చేరుతుందన్న సంగతి ఇంటి యజమానులకు సాధారణంగా తట్టదు. మాస్కు ఇస్తే సరిపోదు. చేతులు, ముఖం కడుక్కుని బట్టలు మార్చుకునే వీలు కూడా కల్పించాలి. గీకిన పెచ్చులను తులసికోట పక్కన మట్టిలో కలిపేయడం నేను చూశాను. సీసం మట్టిలో కరిగి మాయమయ్యే పదార్థం కాదు.

అపోహ: మా బాబు గోడ పెచ్చులు తినడు, హుషారుగానే ఉన్నాడు కాబట్టి భయం లేదు.

వాస్తవం: పెచ్చు తినాల్సిన అవసరం లేదు. నేల మీద పాకి, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటే చాలు. కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దలు దాదాపు పదో వంతును గ్రహిస్తే, చిన్నపిల్లలు సగం దాకా గ్రహిస్తారు. ఇనుము, కాల్షియం లోపం ఉన్న పిల్లల్లో అది ఇంకా పెరుగుతుంది. తక్కువ మోతాదులో బయటికి లక్షణాలేవీ కనిపించవు. తెలివితేటలు, ఏకాగ్రత మీద పడే ప్రభావం రక్తపరీక్ష చేయిస్తే తప్ప ఊహకు అందదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021లో ఈ పరీక్షకు సూచిక స్థాయిని, అంటే పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని గుర్తించే హద్దును, డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. అంతకంటే తక్కువైతే సురక్షితమని దాని అర్థం కాదు. పిల్లలకు సురక్షితమైన సీసం స్థాయి ఏదీ తెలియదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ విషయంలో మన నగరానికి పాత చరిత్రే ఉంది. 1999లో సీసం విషప్రభావంపై జార్జ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అంతర్జాతీయ సదస్సు నిర్వహించింది ఇక్కడే. మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. సీసం విషప్రభావానికి జాతీయ రెఫరల్ కేంద్రం ఏర్పడింది కూడా ఇక్కడి సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలోనే.

అపోహ: వాసన రాని రంగు అయితే సీసం ఉండదు.

వాస్తవం: వాసన ద్రావకాలది. సీసానికి వాసన లేదు.

అపోహ: పేరున్న కంపెనీ రంగు అయితే గేటుకైనా గ్రిల్‌కైనా నిశ్చింతగా వాడవచ్చు.

వాస్తవం: 2016 నిబంధనలు గృహ, అలంకరణ రంగులకే పరిమితం, పారిశ్రామిక రంగులు వాటి పరిధిలోకి రావు. మీ బాల్కనీ గ్రిల్‌కు ఫ్యాబ్రికేషన్ షాపులోనే రంగు వేసి తెస్తే, ఆ డబ్బా ఏ కోవకు చెందిందో మీకు తెలియదు. డబ్బా చూపించమని అడగండి, దాని మీద సీసం గురించి ఏం రాసి ఉందో చదవండి. ఇనుముకు వేసే ఎర్రని ప్రైమరంతా సీసమే అన్న భయం మాత్రం సరికాదు. రెడాక్సైడ్‌కు ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. అయితే వాటిలో కొన్నింటిలో తుప్పు పట్టకుండా జింక్ క్రోమేట్ కలుపుతారు, దాని దుమ్ము కూడా పీల్చదగినది కాదు.

అపోహ: చెక్క బొమ్మలు సహజమైనవి, ప్లాస్టిక్ బొమ్మలతోనే ప్రమాదం.

వాస్తవం: చూడాల్సింది చెక్కను కాదు, దాని మీది రంగును. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అందువల్ల చెన్నపట్న, ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు లేకపోవడం దోషం కాదు. లక్కలో మొక్కల రంగులు కలిపి తరిణె మీద పూసినదా, ఎనామిల్ పూసినదా అని విక్రేతను అడగడం మీ పని. కొండపల్లి బొమ్మల్లో ఇప్పుడు రెండు రకాలూ దొరుకుతున్నాయి.

అపోహ: బజారులోకి వచ్చిన ప్రతి రసాయనాన్నీ ప్రభుత్వం ముందే పరీక్షించి ఉంటుంది.

వాస్తవం: అమెరికా 1976లో రసాయనాల చట్టం తెచ్చినప్పుడు అప్పటికే వాడుకలో ఉన్న సుమారు 62,000 రసాయనాలను పరీక్ష లేకుండానే జాబితాలోకి ఎక్కించింది, ఆ లోపాన్ని సరిదిద్దే సవరణ 2016లో గానీ రాలేదు. ఐరోపా 2007 నుంచి భారాన్ని తయారీదారు మీదికే నెట్టింది: సమాచారం ఇవ్వకపోతే అమ్మకానికి వీల్లేదు. అక్కడ లెడ్ క్రోమేట్ రంగులను 2015 మే 21 తరువాత ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదు. మన దేశంలో భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1989 నిబంధనలు ప్రధానంగా ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతుల్లో పెద్ద ప్రమాదాలను నివారించడానికి ఉద్దేశించినవి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరే పదార్థాల సంగతి వాటి ప్రధాన లక్ష్యం కాదు.

అపోహ: డబ్బా మీద నానో అని ఉంటే అది మరింత సురక్షితం. (మరింత ప్రమాదకరం అనేవారూ ఉన్నారు.)

వాస్తవం: రెండూ తొందరపాటు మాటలే. ఎండిన పూతలో చిక్కుకున్న నానో కణాలు, అంటే కంటికి కనిపించనంత అతి సూక్ష్మ కణాలు, సులభంగా బయటికి రావు; కర్మాగారంలో పొడి రూపంలో వాటిని కలిపే కార్మికుడికి, తరువాత ఆ పూతను రుద్దేవారికి ఉన్న ముప్పు వేరు. ఐరోపా 2020 జనవరి నుంచి రసాయనాల నమోదులో నానో రూపాల వివరాలను విడిగా అడుగుతోంది. మన దేశంలో 2019లో నానో ఔషధాలకు, 2020లో నానో వ్యవసాయ ఉత్పత్తులకు, ఆహార పదార్థాలకు మార్గదర్శకాలు వచ్చాయి. గోడ రంగులు వాటి పరిధిలో లేవు. ఆ ముద్రను ప్రకటనగానే చదువుకోండి.

అపోహ: ఆన్‌లైన్‌లో దొరికే కిట్‌తో తుడిచి చూశాం, ఎరుపు రాలేదు, కాబట్టి సీసం లేదు.

వాస్తవం: అటువంటి కిట్లను ఎక్కువగా అమెరికాలోని పాత ఇళ్ల ప్రమాణానికి, అంటే బరువులో 0.5 శాతానికి, తగినట్టు తయారు చేస్తారు. అది 5,000 పీపీఎం. 90కీ దానికీ మధ్య ఉన్నదాన్ని అవి పట్టకపోవచ్చు, పైగా తుడిచేది పై పొరనే. నమూనా పంపేటప్పుడు అన్ని పొరలూ వచ్చేలా, చెక్క ముక్కలు కలవకుండా, అడుగు దాకా తడిపి గీకి, ఆరాక జిప్ కవర్లో వేసి, ఏ గది, ఏ కిటికీ అన్నది పైన రాయండి. ఒక్కో రంగు నుంచి విడిగా నమూనా తీయండి, మొదట పసుపు, నారింజ, ఆకుపచ్చ. పరీక్షాశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఆ పరీక్షాశాలకు ఈ పరీక్షకే ఉందో లేదో అడగండి, ఫలితాన్ని పీపీఎంలో ఇమ్మనండి.