పొద్దున పూట మాత్రమే కొట్టే మిస్సు

మా కారుకి పొద్దున పూట మాత్రమే జబ్బు చేసేది. ఆరున్నరకి వైజాగ్ లాసన్స్ బే కాలనీలో స్టార్ట్ చేసి, బీచ్ రోడ్డు మీద కాస్త దూరం వచ్చి, వాల్తేరు అప్‌లాండ్స్ వైపు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకు లాగినట్టు రెండు మూడు కుదుపులు. మూడో గేరులో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మరీ ఎక్కువ. సిరిపురం చేరేసరికి అంతా మామూలే. పదింటికి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఏమీ ఎరగనట్టు కుట్టుమిషనులా మెత్తగా ఆడేది. "బాగానే ఉంది కదా సార్" అన్నాడాయన, జబ్బు కారుకి కాదు నాకే ఉన్నట్టు చూస్తూ.

దీన్నే మనవాళ్లు 'మిస్సు కొడుతోంది' అంటారు. పేరులోనే విషయమంతా ఉంది. అంటుకోవాల్సిన మంట అంటుకోకపోవడం.

పెట్రోల్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్‌లో ఒక్కసారి మంట పుడుతుంది. నిమిషానికి 2000 చుట్ల మీద నింపాదిగా పోతున్న నాలుగు సిలిండర్ల కారులో నిమిషానికి 4000 మంటలు, అంటే గంటకి 2,40,000. వీటిలో ఏ యాభయ్యో వరసగా తప్పాయంటే చాలు, సీట్లో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. ప్రతి మంటకీ కావలసినవి మూడే: సమయానికి పడే గట్టి నిప్పురవ్వ, సరైన పాళ్లలో కలిసిన గాలీ పెట్రోలూ, ఆ రెంటినీ బాగా అదిమిపట్టే కంప్రెషన్. మూడింటిలో ఏది తగ్గినా మిస్సే. ఎప్పుడూ తక్కువగా ఉంటే పట్టుకోవడం తేలిక. ఒక్కోసారి తగ్గి, ఒక్కోసారి సర్దుకుంటేనే చిక్కు.

నేను మొదట వెళ్లిన షెడ్డులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు నాలుగూ మార్చారు, ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు. పన్నెండు రోజులు హాయిగా తిరిగాను. పదమూడో రోజు పొద్దున అదే ఎత్తు మీద అవే కుదుపులు. మళ్లీ వెళ్తే ఈసారి స్కానర్ పెట్టి, పెట్రోలు తక్కువ పడుతోందని చూపిస్తోంది కాబట్టి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయాలన్నారు. ఆ మాట ఎందుకు తప్పో నాకు తర్వాత అర్థమైంది. సైలెన్సర్ దారిలో ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది పెట్రోలును చూడలేదు, మిగిలిపోయిన ఆక్సిజన్‌నే చూస్తుంది. మంట అంటుకోని సిలిండర్ నుంచి ఆక్సిజన్ వాడకుండానే బయటికి వస్తుంది. సెన్సర్ దాన్ని చూసి, గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదని సాక్ష్యం చెబుతుంది. కంప్యూటర్ నమ్మేసి ఇంకాస్త పెట్రోలు పోయిస్తుంది. సాక్షి అబద్ధం చెప్పలేదు, కానీ చూసింది సగమే.

మన్యం జ్వరం తెలిసిన పెద్దవాళ్లు థర్మామీటర్ కంటే ముందు తేదీలు అడిగేవారు. చలి ఎప్పుడు మొదలైంది, మధ్యలో ఎన్ని రోజులు బాగున్నావు, మళ్లీ ఎప్పుడు వచ్చింది అని. రోజు విడిచి రోజు వణికించే జ్వరమైతే ఆ వరసే మలేరియాను పట్టిచ్చేది. డాక్టర్ దగ్గరికి వచ్చిన వేళకి ఒళ్లు చల్లగా ఉన్నా ఫరవాలేదు. ఇంజన్ మిస్సూ అంతే. వచ్చిపోతుండటమే దాని గుర్తు. 'ఏమవుతోంది' అని కాకుండా 'ఎప్పుడెప్పుడు అవుతోంది' అని అడిగితే కారు చాలా చెబుతుంది.

గాజువాక ఆటోనగర్‌లో నాకు దొరికిన పెద్దాయన బానెట్ ఎత్తకుండానే ఆ ప్రశ్నలు వేశాడు. "ఎప్పుడొస్తాది బాబూ? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, కాలినాకా? వాన పడ్డ మర్నాడు ఎక్కువా? రాత్రి బండి ఎక్కడ పెడతారు?" సముద్రానికి ఎదురుగా, ఆరుబయటే పెడతానన్నాను. అరకు వెళ్లినప్పుడు అనంతగిరి ఘాట్ మొత్తం ఎక్కినా ఒక్క కుదుపు కూడా లేదని, కాబట్టి ఎత్తు వల్ల కాదేమోనని నా తెలివి కూడా జోడించాను. ఆయన నవ్వి, "అదే అసలు మాట" అన్నాడు.

ఆ ప్రశ్నల వెనక ఉన్న లెక్క ఇది. మిస్సు బండి నిలబడి స్లోలో ఉన్నప్పుడే వచ్చి, వేగంలో పోతోందనుకోండి. అప్పుడు ఇన్‌టేక్ పైపుల్లో ఎక్కడో చిల్లిపడి దొంగగాలి దూరుతోందేమో చూడాలి. చిన్న గిన్నెడు పప్పులో గరిటెడు నీళ్లు పడితే పలచబడిపోతుంది, పెళ్లివారి గుండిగలో అదే గరిటెడు పడితే ఎవరికీ తెలియదు. స్లోలో ఇంజన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగగాలి పెద్ద వాటా. వేగంలో దాని వాటా లెక్కలోకి రాదు. ఇంజన్ బాగా వేడెక్కాకే మిస్సు మొదలైతే ప్లగ్గుకి వోల్టేజీ అందించే కాయిల్ లోపలి సన్నతీగ మీదో, క్రాంక్ షాఫ్ట్ తిరుగుడు చూసే సెన్సర్ మీదో అనుమానం పడుతుంది. వేడికి లోహం సాగి, వెంట్రుకవాసి పగులు విచ్చుకుని, చల్లారాక మళ్లీ కలిసిపోతుంది. గుంటలో పడ్డప్పుడే వస్తే వైరింగ్ చూడాలి. ఇంజన్ ఆడుతుండగా వైర్ల కట్టను చేత్తో అటూ ఇటూ కదిపి చూడటం పాతకాలపు పరీక్షే గానీ, ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

మరి చల్లని పొద్దున, చెమ్మలో, లోడు మీద, అంటే ఇంజన్ కష్టపడి లాగేటప్పుడు మాత్రమే వస్తే?

ఇక్కడ స్పార్క్ ప్లగ్గు దగ్గర కాస్త ఆగాలి. ప్లగ్గు కొసన ఉండే సందు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. మామూలు గాలిలో ఆ సందు దాటడానికి దాదాపు 3000 వోల్టులు చాలు. కానీ ప్లగ్గు పని చేసేది మామూలు గాలిలో కాదు, పిస్టన్ పైకి వచ్చి పదింతల దాకా అదిమిన గాలిలో. ఒత్తిడి పెరిగే కొద్దీ, సందు పెరిగే కొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లోనే తేల్చాడు. యాక్సిలరేటర్ కాస్తే తొక్కితే సిలిండర్‌లోకి వచ్చే గాలి తక్కువ, ఒత్తిడీ తక్కువ, రవ్వ సులువుగా దూకుతుంది. ఎత్తు మీద పూర్తిగా తొక్కితే గాలి నిండా వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, కాయిల్ ఇరవై వేలకో ఇంకా పైకో ఎక్కితే గానీ రవ్వ పడదు.

అంత వోల్టేజీ ఊరుకుంటుందా? చెరువు సగం ఉన్నప్పుడు గట్టు గట్టిగానే కనిపిస్తుంది. నిండినప్పుడు ఏ ఎలుక బొరియ ఉన్న చోటో నీరు దారి వెతుక్కుంటుంది. కాయిల్‌నీ ప్లగ్గునీ కలుపుతూ ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, మెకానిక్కులు బూటు అంటారు. కరెంటు పక్కకి పోకుండా కాసే గట్టు అదే. దాని లోపలి గోడ మీద సన్నని పగులో, మసి గీతో ఉంటే, సందు దాటడం కష్టమైన క్షణంలో కరెంటు ఆ గీత వెంబడి జారి ఇంజన్ లోహంలోకి దిగిపోతుంది. సిలిండర్‌లో రవ్వ ఉండదు. ఒకసారి అలా జారితే ఆ దారిలో మరికాస్త మసి పడుతుంది, రెండోసారికి దారి ఇంకా సులువు.

మిగతా కథ సముద్రానిది. వైజాగ్‌లో కాపురం చేసిన ఎవరికైనా ఉప్పు డబ్బా సంగతి తెలుసు, మూత ఎంత బిగించినా చెమ్మగిల్లుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని నీరవడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే అందులో సగం తేమ కూడా లేకుండానే కరుగుతుంది. బీచ్ పక్కన నిలిపిన కారు బానెట్ కింద, గాలి మోసుకొచ్చిన ఉప్పు పొరగా పేరుకుంటుంది. పగలు ఎండ వేడికి అది చాలావరకు ఆరి ఉంటుంది, హాని తక్కువ. తెల్లవారుజామున తేమ పెరిగాక అదే పొర ఉప్పునీళ్ల పూత, కరెంటుకి రాచబాట. ఇంజన్ పది నిమిషాలు ఆడి ఆ వేడికి ప్లగ్గు గుంటలు ఆరిపోతే మళ్లీ ఎండు పొడే. అనంతగిరి ఎక్కేసరికి మా ఇంజన్ కాగి, లోపలంతా ఎండి ఉంది. లోడు ఉంది, చెమ్మ లేదు. పదింటికి షెడ్డు ముందు స్లోలో ఆడేటప్పుడు చెమ్మా లేదు, లోడూ లేదు. రెండూ కలిసేది వాల్తేరు ఎత్తు మీదే.

ఇదంతా అనుమానమే కదా, రుజువేదీ? పెద్దాయన స్కానర్ తీశాడు, అయితే కోడ్ చూసి ఆగలేదు. కోడ్ పి0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్సు. ఏ సిలిండరో తేలనప్పుడు పి0300 వస్తుంది. దాంతో పాటు ఆ తప్పు నమోదైన క్షణంలో కారు ఎలా ఉందో కంప్యూటర్ ఒక ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. మాది తెరిస్తే, నిమిషానికి 1650 చుట్లు, వేగం 31 కిలోమీటర్లు, లోడు 88 శాతం, కూలెంట్ వేడి 58 డిగ్రీలు. నేను నోటితో చెప్పిందంతా అంకెల్లో ఉంది. మొదటి షెడ్డువాళ్లు ఇదొక్కటి చూసి ఉంటే ఇంజెక్టర్ల జోలికి పోయేవారు కాదని నా ఫిర్యాదు.

ఇంతకీ మంట తప్పిందని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? సిలిండర్ లోపల చూసే కన్ను చాలా కార్లలో లేదు. క్రాంక్ షాఫ్ట్‌కి ఒక పళ్లచక్రం ఉంటుంది. ఎక్కువ కార్లలో 60 పళ్లకి చోటు ఉంచి, గుర్తు కోసం రెండు వదిలేసి 58 పెడతారు. ఒక్కో పన్ను సెన్సర్ ముందు నుంచి ఎంతసేపట్లో దాటిందో కంప్యూటర్ కొలుస్తూ ఉంటుంది. 1650 చుట్ల దగ్గర అరచుట్టుకి పట్టేది సెకనులో వెయ్యో వంతులు పద్దెనిమిది. మంట తప్పిన వంతులో తోసేవాడు లేక చక్రం లేశమంత నెమ్మదిస్తుంది, ఆ ఆలస్యాన్నే మిస్సుగా రాసుకుంటుంది. గతుకుల రోడ్డు మీద చక్రాల అదురు షాఫ్ట్ దాకా వచ్చి ఇలాంటి ఆలస్యమే పుట్టిస్తుంది కాబట్టి, కొన్ని కార్లు రోడ్డు బాగోలేదని తెలియగానే మిస్సుల లెక్క కాసేపు ఆపేస్తాయి. మన రోడ్ల మీద ఎంతసేపు ఆపుకుని కూర్చుంటున్నాయో మరి.

కాయిల్‌ని మీటరుతో కొలిచి చూడొచ్చు కదా అని అడిగాను. "మీటరులో ఉన్నది తొమ్మిది వోల్టుల బ్యాటరీ బాబూ. అక్కడ ఎక్కేది ఇరవై ముప్పై వేలు. మీటరుకేటి తెలుస్తాది?" అన్నాడు. నిజమే, ఎండిన చెరువు గట్టు మీద చెంబుడు నీళ్లు పోసి గట్టు గట్టిదనం చూసినట్టు ఉంటుంది. దానికి బదులు రెండో సిలిండర్ కాయిల్‌ని బూటుతో సహా తీసి నాలుగో సిలిండర్ మీద పెట్టాడు, నాలుగోదాన్ని రెండో దాని మీద. ప్లగ్గులు ముట్టుకోలేదు. రెండూ ఒకేసారి మారిస్తే దొంగ ఎవరో తేలదు. కోడ్లు తుడిచేసి, రేపు పొద్దున ఎప్పటిలాగే వెళ్లి రమ్మన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. డాష్‌బోర్డు మీద ఇంజన్ గుర్తున్న పసుపు దీపం నిలకడగా వెలిగితే ఫరవాలేదు, మిణుకు మిణుకుమంటే మాత్రం వెంటనే కాలు తీసేయాలి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలి సిరామిక్ జల్లెడ కరిగిపోయే దాకా వేడెక్కిస్తుంది. బూటు వందల్లో పోతుంది, కన్వర్టర్ అయితే వేలకు వేలు.

మర్నాడు అదే ఎత్తు, అవే కుదుపులు. ఈసారి కోడ్ పి0304. తప్పు కాయిల్‌తో పాటు నాలుగో ఇంటికి మారింది. అంటే రెండో సిలిండర్‌లోని ఇంజెక్టర్, ప్లగ్గు, వాల్వులు అన్నీ నిర్దోషులే. బూటు ఊడదీసి, మధ్యకి చీల్చి, టార్చి వేసి చూపించాడు. లోపలి గోడ మీద బూడిదరంగు గీత ఒకటి, పెన్సిలుతో గీసినట్టు. రెండో సిలిండర్‌లోని కొత్త ప్లగ్గు తెల్ల పింగాణీ మీద కూడా దానికి జోడీ గీత అప్పుడే మొదలైంది. ప్లగ్గులు మార్చాక పన్నెండు రోజులు ఎందుకు బాగుందో అక్కడ తెలిసింది. పాత బూటులోని గీత, శుభ్రంగా ఉన్న కొత్త పింగాణీ మీద మళ్లీ దారి వేసుకోవడానికి పట్టిన సమయం అది.

నాలుగు బూట్లూ మార్చి, గీత పడిన ఆ ఒక్క ప్లగ్గూ మార్చి, బూటు అంచుల లోపల కొంచెం సిలికాన్ గ్రీజు రాశాడు. పది ట్రిప్పుల తర్వాత మళ్లీ రమ్మని, స్కానర్‌లో సిలిండర్ల వారీగా మిస్సుల లెక్క తీశాడు. 0, 1, 0, 2. నాలుగో దానికి ఆ రెండు ఎందుకు అని నేను టెన్షన్ పడబోతే, "అన్ని లక్షల్లో రెండా? అది లెక్కలోకి రాదు బాబూ" అని కేబుల్ చుట్టేశాడు.